కట్నం తెలుగులో, మహర్ ఉర్దూలోనా?

నికానామా, అదే మన పెళ్లి ఒప్పంద కాగితం, తెలుగులో కూడా అచ్చు వేయించండని గ్రూపులో ఎవరో అడిగారు, అంతే. "ఉర్దూ రానోళ్లకి దీన్ (మతం) ఏం తెలుస్తుంది" అంటూ ఒక పెద్దమనిషి వాయిస్ మెసేజ్. అదీ తెలుగులో!

సరే సాబ్, దీన్ సంగతే మాట్లాడదాం. హనఫీ ఫిఖ్‌లో, అంటే హనఫీల ధర్మశాస్త్రంలో, ఈజాబ్ (పెళ్లి ప్రస్తావన), ఖబూల్ (ఒప్పుకోలు) ఏ భాషలో చెప్పినా నికాహ్ అవుతుంది. సంతకం పెట్టే పిల్లకి కాగితం అర్థం కాకూడదని ఏ కితాబులో ఉంది?

గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇంట్లో తెలుగు తప్ప ఇంకో మాట లేని నూర్‌బాషాల (దూదేకుల ముస్లింల) పెళ్లిళ్లు చూడండి. వకీలు (పిల్ల తరఫున మాట్లాడే పెద్ద), ఇద్దరు సాక్షులు ఆడవాళ్ల గదిలోకి వస్తారు. ఉర్దూలో గబగబా ఏదో చదువుతారు. పక్కన పిన్ని మోచేత్తో పొడుస్తుంది, పిల్ల తలూపుతుంది, వేలు చూపించిన చోట సంతకం. మహర్ అంటే పెళ్లికొడుకు పిల్లకి ఇవ్వాల్సిన సొమ్ము. అందులో రెండు రకాలు, పలికితే రెండూ ముఅజ్జలే. ఒకటి అడిగిన వెంటనే ఇచ్చేది, రెండోది తలాకో మొగుడి చావో వచ్చినప్పుడు ఇచ్చేది. తనది ఏ గడిలో పడిందో పిల్లకే కాదు, వాళ్ల నాన్నకీ తెలీదు. పైగా రూపాయల్లో రాస్తారు. ఇవాళ పదకొండు వేలు, ముప్పై ఏళ్లకీ అదే పదకొండు వేలు! బంగారమో వెండో, గ్రాముల్లో రాయించండమ్మా. ప్రవక్త కూతురు ఫాతిమా పేరు మీదున్న మహర్-ఎ-ఫాతిమీ అంటే సుమారు 1,530 గ్రాముల వెండి. పేరొక్కటే రాసి వదిలేయకుండా బరువు కూడా అంకెల్లో వేయించండి. షరతులు రాసే చోట అడ్డగీత కొట్టనివ్వకండి. చదువు ఆపకూడదన్నా, తఫ్వీజ్ (మొగుడు తన హక్కుని భార్యకి అప్పగించడం) కింద తలాక్ హక్కు పిల్లకీ ఉండాలన్నా రాసుకోవాల్సింది అక్కడే. అందుకే కాగితం ముందురోజే తెప్పించుకుని చదివించుకోండి, పందిట్లో ఎవరూ ఆగరు.

కట్నం లిస్టుకి మాత్రం భాష అడ్డం రాదు. బండి మోడలు, రంగుతో సహా అచ్చ తెలుగు.

అసలు ఈ దీన్ బరువంతా ఆడవాళ్ల మీదే ఎందుకో. మగాడు ప్యాంటూ షర్టూ వేసుకుని తెలుగులో యాపారం చేసుకుంటే ఏ తంటా లేదు. ఆమె మాత్రం నల్లపూసలు తీసెయ్యాలి, పూలు మానెయ్యాలి, పిల్లలతో ఉర్దూ మాట్లాడాలి. ఎవరు నేర్పారని?

ఇంతా చేసి ఉర్దూ నేర్చుకుంటే మాత్రం కలుపుకుంటారా? బుర్రకథ చెప్పే పొన్నెకల్లు నాజర్‌కి 1986లో పద్మశ్రీ వచ్చిందంటే మన ముసల్మానే అని రొమ్ము విరుచుకుంటారు. అదే ఆయన కులపోళ్ల ఇంటికి పిల్లనిమ్మని అడగండి. "వాళ్లా... దూదేకులోళ్లు కదా!"