ఎనిమిది అంగుళాల నేరం

ఇంటి ముందు గడ్డి పెరగడం శాంతిభద్రతల సమస్య అని నాకు ఆలస్యంగా తెలిసింది. ఎనిమిది అంగుళాలు దాటిందని మున్సిపాలిటీ నుంచి నోటీసు వచ్చింది. అంతకు లోపు ఉన్నన్నాళ్లు అది పచ్చిక, దాటిన మరుక్షణం కలుపు. నోటీసులో నాకూ బాగానే గడ్డి పెట్టారు, అదెన్ని అంగుళాలో మాత్రం రాయలేదు.

నియమం దండగని నేననను. ఏపుగా పెరిగిన గడ్డిలో ఎలుకలు చేరతాయి, ఎండితే నిప్పంటుకుంటుంది. మలుపులో కంచె మొక్కలు మూడడుగులు దాటితే ఎదురొచ్చే బండి కనిపించదు. నా పేచీ అంగుళాలతోనే.

గడ్డికి ఎదిగే మొగ్గ కొసన ఉండదు, నేలను కరుచుకుని అడుగున ఉంటుంది. పైన ఎంత కోసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు, పక్కనుంచి ఇంకో రెండు పిలకలు వేస్తుంది. అంటే నోటీసు అందినప్పుడల్లా ముద్దాయిల సంఖ్యను పెంచుతున్నది మనమే. వయ్యారిభామ ఇంకా గడుసుది. వదిలేస్తే మనిషి ఛాతీదాకా లేచి వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. కోస్తూ పోతే నేలబారునే పూసేస్తుంది. చట్టానికి ఇంత చక్కగా లోబడే కలుపు మరొకటి లేదు!

కాలిఫోర్నియాలో 2014 కరవప్పుడు నీళ్లు వృథా చేస్తే రోజుకు 500 డాలర్ల దాకా జరిమానా అని రాష్ట్రం ప్రకటించింది. సరేనని నీళ్లు తగ్గించిన గ్లెండోరాలోని ఓ జంటకు, పచ్చిక ఎండిపోయింది, జరిమానా పడొచ్చు సుమా అని నగరం ఉత్తరం రాసింది. తడిపినా తప్పే, తడపకపోయినా తప్పే. నెవాడా 2021లో మరో మెట్టెక్కింది: ఎవరూ కాలు పెట్టని అలంకారపు గడ్డికి 2027 నుంచి కొలరాడో నది నీళ్లు ఇవ్వొద్దని లాస్‌వేగాస్ ప్రాంతానికి చట్టం చేసింది. ఇళ్ల ముంగిళ్లకు మినహాయింపు ఉందనుకోండి.

ఇంత శ్రద్ధ గడ్డి కోయించడం మీదే ఎందుకో, గడ్డి తినేవాళ్లను కొలిచే స్కేలు ఇంకా రాలేదు.

నేను మాత్రం టెన్షన్ పడి మొత్తం నున్నగా కోయించేశాను. ఉద్యోగి వచ్చి, వంగి కొలిచి, సంతోషంగా తలూపాడు. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "మట్టి కనిపిస్తోంది సార్, ఖాళీ నేల కనిపించకూడదని ఇంకో నియమం ఉంది" అని కొత్త కాగితం చేతిలో పెట్టాడు.