స్వామివారికి తుంగ పూజ

శనివారం వస్తే మా ఆయన ఇంట్లో ఉండడు, కాలిఫోర్నియాలో శాక్రమెంటో చుట్టుపక్కల వరి పొలాల కాలువ గట్ల మీద మొక్కలు వెతుకుతూ ఉంటాడు. ఆ మధ్య ఏదో మొక్క దొరికిందని తడి పేపర్లో చుట్టి జిప్ కవర్లో వేసి, ఫ్రిజ్‌లో కొత్తిమీర పక్కన పెట్టాడు. మర్నాడు వినాయక చవితి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్య గరిక కోసం అపార్ట్‌మెంట్ లాన్ అంతా గాలించి, విసిగిపోయి, ఫ్రిజ్ తీశారు. ఇంకేముంది, "వాడికెంత భక్తో, ముందే తెచ్చి పెట్టాడు!"

ఆయన స్నానం చేసి వచ్చేసరికి 'దూర్వాయుగ్మం పూజయామి' అయిపోయింది. ఉద్వాసన చెప్పేదాకా పత్రి కదపకూడదు. అందుకని భూతద్దం పట్టుకుని పీట ముందు బోర్లా పడుకున్నాడు. వీడియో కాల్‌లో అది చూసి సాష్టాంగమనుకుని మా ఆడపడుచు "అన్నయ్య ఎంత మారిపోయాడో" అని కళ్ళు తుడుచుకుంది.

పళ్ళెం అంచున వేలాడుతున్న ఒక్క కాడని వేళ్ళ మధ్య తిప్పితే మూడు పలకలు తగిలాయట, అంటే గడ్డి కాదు, తుంగ జాతి. మొక్క వేర్లు అత్తయ్య కత్తిరించి పారేశారు, చెత్తబుట్టలోంచి ఏరి చూస్తే గడ్డలు లేవు, కాబట్టి ఏటా మొలిచి చచ్చే రకం. ఇక తేలాల్సింది అది 'సైపరస్ ఇరియా' అనే తుంగా, 'సైపరస్ డిఫార్మిస్' అనే తుంగా అన్నదే. ఇరియా కంకులు పసుపుపచ్చగా విడివిడిగా సాగి ఉంటాయి, డిఫార్మిస్‌వి గుండ్రంగా ముద్దకట్టి ఉంటాయి. ఆ కంకులేమో అక్షింతల కింద ఉన్నాయి! ఊదబోతే "దీపం ఆరుతుందిరా" అని అత్తయ్య కసిరారు.

మామయ్య కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా తేల్చేశారు. "ఒరేయ్, ఇది మన చేలో తుంగే కదరా, జీవితాంతం కూలీలిచ్చి పీకించాను. ఇక్కడికెలా వచ్చింది? మందు కొట్టరా వీళ్ళు?"

"కొడతారు నాన్నా. 1993లోనే బెన్‌సల్ఫ్యూరాన్ అనే కలుపు మందుకి లొంగని డిఫార్మిస్ కాలిఫోర్నియా పొలాల్లో బయటపడింది."

సాయంత్రం అసలు గొడవ. పత్రి వాగులో కలుపుదామన్నారు అత్తయ్య. మిల్లీమీటరు కూడా లేని గింజలు, మొక్కకి వేలల్లో రాలతాయని ఆయన గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. చెత్తలో వేద్దామంటే ఆవిడ ఒప్పుకోరు. చివరికి మరిగే నీళ్ళలో నిమజ్జనం అన్నాడు.

"స్వామివారి పత్రిని ఉడకబెడతావా?"

"ఉండ్రాళ్ళు ఉడకబెట్టలేదుటే? పెట్టు గిన్నె" అన్నారు మామయ్య.