విజయవాడ మెట్రోకు ముప్పై ఏళ్ల పద్దు ఎక్కడ?

సత్యనారాయణపురంలో ఒకప్పుడు రైలు పట్టాలుండేవి. వాటిని తీసేసి బస్సులు వేగంగా పోయేందుకు వాటికే వేరు దారి ఉండే బీఆర్‌టీఎస్ రోడ్డు వేశారు. నగరాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం పథకం నిధులొచ్చాయి, రోడ్డు వచ్చింది, పేరూ నిలిచింది. నిమిషాల లెక్కన తిరగాల్సిన బస్సులు మాత్రం రాలేదు. బెజవాడ మెట్రో మాట ఎత్తినప్పుడల్లా నాకు ఆ రోడ్డే గుర్తొస్తుంది. కట్టడానికి డబ్బు ఒకసారి దొరికితే చాలు. నడపడానికి ముప్పై ఏళ్లపాటు ఏటా కావాలి. ఆ ఏటా డబ్బు సంగతే మన చర్చల్లో వినిపించదు.

2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలులోనే విజయవాడ-గుంటూరు-తెనాలి ప్రాంతానికి మెట్రో సాధ్యమేమో పరిశీలించాలని ఉంది. 2015లో ఢిల్లీ మెట్రో సంస్థ డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక) ఇచ్చింది: నెహ్రూ బస్టాండు నుంచి ఏలూరు రోడ్డు మీదుగా నిడమానూరుకు ఒకటి, బందరు రోడ్డు మీదుగా పెనమలూరుకు ఇంకొకటి. 2017లో కేంద్రం మెట్రో విధానం మార్చింది. ఆ తర్వాత మెట్రో కన్నా చిన్నదైన లైట్ రైలు అన్నారు, ఆపేశారు, మళ్లీ మొదలుపెట్టారు. 2024 డిసెంబరులో రాష్ట్రం ఆమోదించిన తొలి దశ 38.4 కిలోమీటర్లు, అంచనా 11,009 కోట్లు. అందులో ఏలూరు రోడ్డు మార్గం గన్నవరం దాకా సాగింది.

ఈ ఊరికి రైలు అవసరమా అంటే, అవసరమే. ఒకపక్క కృష్ణ, ఇంకోపక్క కొండలు, ఊరి మధ్యలోంచి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు. రోడ్డు వెడల్పు చేయాలంటే ఇళ్లు కూల్చాలి. బెంజి సర్కిల్ ఫ్లైఓవర్, 2020లో తెరిచిన కనకదుర్గ ఫ్లైఓవర్ హైవే బండ్లకు మేలు చేశాయి. పటమట నుంచి వన్‌టౌన్‌కు రోజూ పనికి వెళ్లే మనిషి మాత్రం ఇంకా షేర్ ఆటోలో ఒదిగి కూర్చునే పోతున్నాడు.

వద్దనేవాళ్ల వాదననూ కొట్టిపారేయలేం. హైదరాబాద్ చూడండి. 2017లో మొదలైన 69 కిలోమీటర్ల మెట్రోలో రోజూ లక్షల మంది ఎక్కుతున్నా, దాన్ని కట్టి నడిపిన ఎల్ అండ్ టీ కంపెనీ నష్టాలు మోయలేనంది. 2025లో దాన్ని రాష్ట్ర ప్రభుత్వమే తీసుకోవడానికి సూత్రప్రాయంగా ఒప్పుకుంది. టికెట్ల మీద, మాల్‌ల అద్దెల మీద రైలు బతకదని తేలడానికి ఎనిమిదేళ్లు పట్టింది. అంతటి మహానగరంలోనే అలా అయితే ఇక్కడ?

పైగా 2025 ఆగస్టు 15 నుంచి మన ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. ఇది మంచి పథకం, ఉండాల్సిందే. కానీ రామవరప్పాడులో ఉచిత బస్సు ఎక్కగలిగిన అమ్మాయి నలభై రూపాయలు పెట్టి మెట్రో ఎందుకు ఎక్కుతుంది? బస్సుకూ రైలుకూ ఒకే కార్డు పెట్టి, ఆమె రైలు ఛార్జీనీ ప్రభుత్వమే కట్టాలి. అది ప్రతి బడ్జెట్‌లోనూ కనిపించాల్సిన ఖర్చు. డీపీఆర్ వేసిన రోజే దాన్ని పద్దులోకి ఎక్కించాలి.

నా మటుకు నేను చిన్నగా మొదలుపెట్టమంటాను. 2019లో కేంద్రం తెచ్చిన మెట్రోలైట్ (తక్కువ ఖర్చుతో కట్టే చిన్న మెట్రో) ప్రమాణాలు గంటకు ఒక దిశలో 15,000 మంది వరకు ఉండే మార్గాల కోసమే. పెద్ద మెట్రో ఖర్చులో అది సుమారు నలభై శాతానికే వస్తుందన్నారు. పట్టాలు నేల మీద పోతేనే ఆ పొదుపు. ఇరుకైన ఏలూరు రోడ్డులో స్తంభాలెక్కక తప్పదు, కాబట్టి అంత మిగలదు. అయినా తొలి విడతగా బందరు రోడ్డు మార్గాన్ని, ఏలూరు రోడ్డులో నిడమానూరు వరకు ఉన్న భాగాన్ని కడితే చాలు. హైవే మీద బస్సు హాయిగా పోయే గన్నవరం ఇంకో పదేళ్లు ఆగగలదు.

మిగిల్చిన డబ్బును రైలు నడిపే ఖర్చు కోసం ఒక ఖాతాలో వేయాలి. మార్గానికి అటూ ఇటూ అర కిలోమీటరు లోపు జరిగే ప్రతి రిజిస్ట్రేషన్ రుసుములో ఒక వాటా ఏటా ఆ ఖాతాకే చేరేలా శాసనసభ చట్టం చేయాలి. అప్పుడు ప్రభుత్వం మారినా దాని జోలికి పోవడం తేలిక కాదు. స్థలాల యజమానులు గొడవ చేస్తారు, నిజమే. కానీ కానూరు, పోరంకిల్లో మెట్రో వస్తుందని చెప్పే కదా ఇన్నాళ్లూ ప్లాట్లు అమ్మింది? రైలు అడుగు కదలకముందే ఆ పేరు మీద లాభం కొందరి చేతికి అందింది. అందులో కొంత రైలుకు తిరిగి ఇమ్మనడం అన్యాయమేమీ కాదు. టెండర్లు ఖరారు చేయడానికి ముందే ఆ చట్టం రావాలి.