హారన్ వినపడని దారిలో బావగారు

మా బావగారు హైదరాబాద్‌లో ఉన్నన్నాళ్లూ ఇద్దరు మనుషుల్ని తిట్టుకుంటూ బతికారు. ఎర్ర సిగ్నల్ దగ్గర వెనకనుంచి హారన్ కొట్టేవాడు ఒకడు, పచ్చ సిగ్నల్ పడకముందే కొట్టేవాడు ఇంకొకడు. వీళ్లిద్దర్నీ వదిలించుకోవడానికే ఆయన ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో విమానాల కంపెనీ ఉద్యోగం ఒప్పుకున్నారని అక్క అంటుంది. వెళ్లాక సైకిల్ కొన్నారు, హెల్మెట్ కొన్నారు, ఊపిరాడనంత బిగుతు చొక్కా కొన్నారు. ఇక మిగిలినవి రెండు: వాహనాలు తిరగని రోడ్డు, దాని గొప్పతనం చెబుతుంటే వినే మనిషి. రోడ్డు అక్కడే దొరికింది. మనిషిగా నన్ను సెలవు పెట్టించి రప్పించారు.

"సెలే నది లోయ! ఫిజాక్‌లో రైలు దిగుతాం. అక్కణ్నుంచి నది ఎటు పోతే మనమూ అటే. అది లాట్ నదిలో కలిసేదాకా 40 కిలోమీటర్లకు పైగా ఒకటే సన్నటి రోడ్డు. మొత్తం లాట్ జిల్లాకే లక్షా డెబ్బై అయిదు వేల జనాభా. మీ కూకట్‌పల్లిలో అంతకంటే ఎక్కువమంది ఉంటారు" అన్నారు మ్యాపు పరిచి. ఆ మ్యాపులో అందమైన రోడ్లకు ఆకుపచ్చ అంచు గీస్తారట. మా రోడ్డుకు ఆ అంచు చీర జరీలా మెరుస్తోంది.

ఇవన్నీ విని అక్క ఒకే ప్రశ్న వేసింది. "మరి తిండి?"

"ఫ్రాన్స్‌లో ఊరికో బేకరీ ఉంటుంది" అన్నారు బావగారు. తెల్లారి అక్క కట్టిచ్చిన పులిహోర డబ్బాను చేత్తో తూచి, "కిలోన్నర ఉంది. సైకిల్ మీద ప్రతి గ్రామూ లెక్కే" అంటూ బల్లమీదే పెట్టేశారు. ఆయన పొట్ట మాత్రం ఆ లెక్కలోకి రాలేదు. నేనేమీ అనలేదు. బావగారింట్లో అతిథిని.

సెప్టెంబర్ చివరి వారం. సోమవారం. ఈ రెండు ముక్కలూ పాఠకులు గుర్తుపెట్టుకోవాలి, ఎందుకంటే బావగారు పెట్టుకోలేదు.

ఫిజాక్ అచ్చమైన పాతకాలపు ఊరు. ఈజిప్టు బొమ్మల లిపిని 1822లో విప్పిచెప్పిన షాంపోలియన్ 1790లో ఇక్కడే పుట్టాడు. ఆయన పుట్టిన ఇంటి వెనక చిన్న వాకిలిలో, ఆ లిపి విప్పడానికి ఆధారమైన రొసెట్టా శిల నమూనాను నల్లరాతి మీద పెద్దగా చెక్కి నేలమీద పరిచారు. ఎవరైనా దానిమీద నడవొచ్చు. బావగారు దానిమీద అటూ ఇటూ నడిచి ఫొటో తీయించుకున్నారు. పక్క సందులో వేడి రొట్టెల వాసన వస్తోంది. "ఏమైనా కొందామా బావా?" అన్నాను. "ఇది టౌను. టౌన్లో ఎవరు కొంటారు? ముందు ఊళ్లలో తాజాగా దొరుకుతాయి" అన్నారు.

లోయలోకి దిగాక మాత్రం, నిజం చెప్పాలి, ఆయన మాట అక్షరాలా నిజమైంది. ఒకపక్క పొప్లార్ చెట్ల మధ్య నది, ఇంకోపక్క సున్నపురాయి కొండ నిటారుగా. కొన్నిచోట్ల ఇళ్లను కొండ గోడకే ఆనించి కట్టారు, వెనక గోడ ఖర్చు మిగిలిందన్నట్టు. ఎత్తు కూడా పెద్దగా లేదు, నదితోపాటు జారిపోవడమే. ఎంత నిశ్శబ్దమంటే నా సైకిల్ గొలుసు కిర్రుమనడం నాకే మొహమాటంగా అనిపించింది.

కాసేపటికి వెనక ఏదో ఉన్నట్టు అనుమానమొచ్చింది. తిరిగి చూస్తే ఒక తెల్ల కారు, మెల్లగా, ఏమీ అనకుండా మా వెనకే వస్తోంది. హారన్ లేదు. మలుపు తిరిగాం, అదీ తిరిగింది. మేం నెమ్మదించాం, అదీ నెమ్మదించింది. నాకు టెన్షన్ మొదలైంది. మన దగ్గర అరవకుండా వెనకాలే వచ్చే బండి అంటే ఫైనాన్స్ కంపెనీ వాళ్లదై ఉండాలి. "బావా, ఎవరో మనల్ని ఫాలో అవుతున్నారు" అన్నాను గొంతు తగ్గించి. ఆయన పగలబడి నవ్వారు. ఊరి బయట సైకిల్‌ను దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలని ఇక్కడ చట్టమట. అంత చోటు దొరికేదాకా పాపం ఆయన ఆగుతున్నాడట. చోటు దొరికాక ఆ కారాయన దాటి వెళ్తూ మాకు చెయ్యి కూడా ఊపాడు. అంత మర్యాదకు నేను సైకిల్ మీంచి పడబోయాను.

మొదటి ఊళ్లో బేకరీ లేదు. రెండో ఊళ్లో ఒకప్పుడు ఉండేదని గోడమీద వెలిసిపోయిన అక్షరాలు చెబుతున్నాయి. మూడో ఊళ్లో నిజంగానే ఒక కొట్టు కనిపించింది. తలుపుకు చీటీ అంటించి ఉంది. బావగారు దాని ముందు నిలబడి చాలాసేపు చదివారు. ఆఫీసులో ఆయన పని అంతా ఇంగ్లీషులోనే.

"ఏమని ఉంది?"

"సోమవారం సెలవు."

"ఇంకా ఏదో పెద్దగా ఉందే కింద?"

"మిగతా రోజుల్లో కూడా పన్నెండున్నరకు మూసి నాలుగింటికి తెరుస్తారట."

షాంపోలియన్‌కు తన లిపి విప్పడానికి ఏళ్లు పట్టింది. బావగారికి ఈ చీటీ విప్పడానికి పది నిమిషాలే పట్టింది, కానీ ఆకలి ఇద్దరికీ ఒకేలా పట్టి ఉండదు. ఎండాకాలంలో ఇక్కడ నదిలో పడవలేసుకునే జనం ఉంటారు, హోటళ్లుంటాయి. సెప్టెంబర్ చివరికి పడవలన్నిటినీ బోర్లా పడుకోబెట్టి హోటళ్లవాళ్లు కూడా పడుకుంటారు. శనాదివారాలు పనిచేసిన కొట్లు సోమవారం మూస్తాయి. ఆ రోజు తెరిచేవి మధ్యాహ్నం మూస్తాయి. మధ్యాహ్నం ఎవరూ రోడ్డు మీద ఉండరు, అందరూ ఇంట్లో కూర్చుని తింటుంటారు. మూసిన కిటికీల వెనకనుంచి చెంచాల చప్పుడు, వేయించిన ఉల్లిపాయల వాసన. ఇంత నిశ్శబ్దంలో ఆ చెంచాలు ఎంత బాగా వినిపిస్తాయో తెలుసా?

నీళ్లూ అయిపోయాయి. "దానికేం, శ్మశానానికి వెళ్దాం" అన్నారు బావగారు మామూలుగా. నాకు నిజంగానే కాళ్లు ఆడలేదు. ఇక్కడ ప్రతి ఊరి శ్మశానంలోనూ సమాధుల మీద పూలకుండీలకు పోయడానికి కుళాయి ఉంటుందట, తాగరాదని బోర్డు లేకపోతే సైకిల్ వాళ్లంతా అక్కడే సీసాలు నింపుకుంటారట. వెళ్లాం. బోర్డు లేదు. నీళ్లు చల్లగా, తియ్యగా ఉన్నాయి. సీసా నింపుకున్నాక నాకు అమ్మ గుర్తొచ్చింది. "బావా, శ్మశానానికి వెళ్లొస్తే స్నానం చెయ్యాలి కదా?" ఆయన ఒక క్షణం ఆలోచించి, అదే కుళాయి నీళ్లు నాలుగు చుక్కలు నా నెత్తిన, నాలుగు తన హెల్మెట్ మీద చల్లి, "అయిపోయింది. ఇంట్లో చెప్పకు" అన్నారు.

మార్సియాక్ పాత మఠం దాటాక నా వెనక చక్రం ఉస్సుమంది.

ఇదే మన రోడ్డయితే పర్లేదు. పాత టైరు ఒకటి చెట్టుకు వేలాడుతుంటుంది, దానికింద ఒక కుర్రాడు, ఒక తొట్టి, సొల్యూషన్ ట్యూబు. మనం టీ తాగేలోపు పని అయిపోతుంది. ఇక్కడ చెట్లున్నాయి, టైర్లు లేవు. తొట్టికి బదులు సెలే నదే ఉందని బావగారు ట్యూబు విప్పి తీసుకెళ్లి నీళ్లలో ముంచారు. బుడగలు వచ్చిన చోట అంటించుకునే ప్యాచ్ ఒకటి వేశారు. అక్కడిదాకా గొప్పగా చేశారని ఒప్పుకోవాలి. ఆ తర్వాత జేబులోంచి పంపు తీశారు.

పంపు నా ట్యూబుకు పట్టలేదు. బావగారి సైకిల్ వాల్వు లావుది, కార్లకు ఉంటుందే, అది. నాకు అద్దెకు తెచ్చిన సైకిల్‌ది పెన్సిల్ మొనలా సన్నటిది. దాని నెత్తిన బుల్లి నట్టు ఉంటుంది, అది వదులు చేసి ఒకసారి నొక్కితేగానీ గాలి సరిగ్గా లోపలికి ఎక్కదు. నట్టు వదులు చేశాం, నొక్కాం, బతిమాలాం. లావు మూతి సన్నదాన్ని ఎలా పట్టుకుంటుంది? "ఎవరైనా వస్తారులే, అడుగుదాం" అన్నారు బావగారు.

రోడ్డు పక్కన కూర్చున్నాం. ఎవరూ రాలేదు. వాహనాలు తిరగని రోడ్డు కావాలని ఏరికోరి, ఆకుపచ్చ అంచు చూసి మరీ ఎంచుకున్నాం కదా. అరగంటకు ఒక పిల్లి దాటింది. ఆపేద్దామా అన్నట్టు బావగారు దానివైపు చూశారు. జీవితంలో మొదటిసారి ఆయన చెవులు రిక్కించి హారన్ కోసం వింటున్నారు.

మేం కూర్చున్నది అక్రోటు చెట్ల కింద, అదే మన వాల్‌నట్లు. ఈ ప్రాంతం వాటికి పేరుపడ్డది. తోటలోవి ముట్టుకోకూడదు, కానీ రోడ్డు మీద దొర్లినవి దొర్లినట్టే ఉన్నాయి. అప్పుడు తెలిసింది పంపు ఎందుకు తెచ్చామో. దాని వెనక భాగంతో ఒక్కటిస్తే కాయ రెండు ముక్కలు. బావగారు పచ్చి తొక్క ఒలిచి ఇవ్వడం, నేను పగలగొట్టడం. పని జోరుగా సాగుతుండగా ఆయన చేతులు చూసుకుని కేకపెట్టారు. వేళ్లు నల్లగా, తారులో ముంచినట్టు! పచ్చి అక్రోటు తొక్కలో అంత రంగుందని మాకేం తెలుసు? నదిలో కడిగితే పోలేదు, ఇసుకతో రుద్దితే ఇంకా నిగనిగలాడింది.

సరిగ్గా అప్పుడే మలుపు దగ్గర మాటలు వినిపించాయి. నలుగురు పెద్దవాళ్లు, ఎవరికీ డెబ్బైకి తక్కువ ఉండవు, రంగురంగుల చొక్కాలతో సైకిళ్ల మీద వస్తున్నారు. ఆగారు. మర్యాదగా చేతులు చాచారు. బావగారు తన చెయ్యి ఇవ్వాలా వద్దా అని తటపటాయించి నమస్కారం పెట్టారు. వాళ్లకు అది తెగ నచ్చి నలుగురూ తిరిగి నమస్కారం పెట్టారు. ఒకాయన సన్న వాల్వుకు పట్టే పంపు తీసి రెండు నిమిషాల్లో గాలి నింపేశాడు. తర్వాత మేం తిన్నామా అని అడగలేదు, కానీ తాము ఏం తిన్నారో వివరంగా చెప్పారు. బాతు మాంసం, బంగాళాదుంపలు, రొకమడూర్ మేక పాల చీజు, చివర అక్రోటు కేకు. బావగారు ఒక్కోదాన్నీ నాకు తెలుగులో చెబుతుంటే నాకెందుకో ఆ ఒక్కరోజుకు ఆయన ఫ్రెంచ్ ఇంకా అధ్వాన్నంగా ఉంటే బావుణ్ననిపించింది. ఒక పెద్దావిడకు మాత్రం మా మొహాలు చూసి ఏదో తట్టింది. వీపు జేబులోంచి అరటిపండు తీసి ఇచ్చింది. బావగారు దాన్ని సమంగా రెండు చేసి, కొలిచి, పెద్ద ముక్క తను తీసుకున్నారు.

కాబ్రెరె చేరేసరికి మూడు దాటింది. దానిపై కొండలోనే పెష్ మెర్ల్ గుహ ఉంది. 1922లో ఇద్దరు కుర్రాళ్లు కనిపెట్టారు. లోపల గోడమీద సుమారు 29,000 ఏళ్ల నాటి చుక్కల గుర్రాలు, వాటి చుట్టూ నల్ల రంగు చల్లి వేసిన మనుషుల చేతి ముద్రలు. బావగారు పోస్టరులోని ఆ చేతుల్నీ తన చేతుల్నీ మార్చి మార్చి చూసి, "వీళ్లు కూడా సోమవారమే వచ్చినట్టున్నారు" అన్నారు.

అదృష్టం, నది ఒడ్డున ఒక కేఫ్ తెరిచి ఉంది. దురదృష్టం, వంటగది రెండింటికే మూసేశారు. ఉన్నది ఐస్‌క్రీమ్ ఒక్కటే. మేం దాన్ని అన్నం తిన్నట్టే తిన్నాం: మొదట ఒకటి, మళ్లీ మారు అడిగి ఒకటి, చివర పెరుగన్నం స్థానంలో వెనీలా. మూడోసారి పిలిచేసరికి వడ్డించే అమ్మాయి మా చేతులవైపు చూసి గిన్నె కాస్త దూరంగా పెట్టింది.

అప్పుడు అక్క ఫోను చేసింది. బావగారు స్పీకర్ పెట్టారు.

"ఏవండీ, భోజనం అయిందా?"

"సగం అయింది" అన్నారు బావగారు గంభీరంగా. "స్వీటు అయిపోయింది. మిగతాది ఏడింటికి తెరుస్తారట."