ఓటేసి ఓడించిన మహాసభ

అమెరికా అధ్యక్ష అభ్యర్థుల ఎంపికను ప్రైమరీల (రాష్ట్రాల్లో ఓటర్లే అభ్యర్థిని తేల్చే ఎన్నికల) నుంచి తప్పించి, పందొమ్మిదో శతాబ్దంలో మాదిరిగా పార్టీ మహాసభలకే అప్పగించాలని, అనుభవజ్ఞులైన ప్రతినిధులు ఒకచోట కూర్చుంటే వివేకవంతమైన నిర్ణయం వస్తుందని వాదించేవారు నేటికీ ఉన్నారు. 1844 మే నెలాఖరులో బాల్టిమోర్ మహాసభలో డెమొక్రాట్లు చేసిందేమిటో వారు లెక్కలతో సహా చూడాలి.

మాజీ అధ్యక్షుడు మార్టిన్ వాన్ బ్యూరెన్‌కే ఓటు వేయాలని మాట తీసుకుని పార్టీ శాఖలు చాలామంది ప్రతినిధులను అక్కడికి పంపాయి. ఈలోగా అప్పటికి వేరే దేశంగా ఉన్న టెక్సాస్‌ను వెంటనే కలుపుకోవడం తగదని ఆయన బహిరంగంగా రాయడంతో, బానిసత్వ విస్తరణ కోరే దక్షిణాది నేతలకు కానివాడయ్యారు. అయితే బాహాటంగా మాట తప్పితే సొంత రాష్ట్రంలో ముఖం చెల్లదు. అందుకని ప్రతినిధులు ముందుగా, అభ్యర్థికి మూడింట రెండు వంతుల ఓట్లు రావాలన్న నిబంధనను 148–118 తేడాతో నెగ్గించారు. ఆ తర్వాతే తొలి బ్యాలెట్‌లో, అంటే తొలి విడత ఓటింగులో, 266 ఓట్లకు 146 వాన్ బ్యూరెన్‌కు వేశారు. కావలసినవేమో 178. నిబంధనను వ్యతిరేకించిన 118 ఓట్లూ ఆయనకే పడ్డాయనుకున్నా, మిగిలిన 28 ఓట్లు ఆయన దారి మూసినవారివే. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. ఏడు బ్యాలెట్ల దాకా ఒక్క ఓటూ పడని జేమ్స్ పోక్ తొమ్మిదో బ్యాలెట్‌లో అభ్యర్థి అయ్యారు.

అన్ని ప్రాంతాలకూ ఆమోదయోగ్యుడైన అభ్యర్థి కోసమే ఆ నిబంధన అని సమర్థించేవారున్నారు. ఆ ఉద్దేశాన్ని మేము తప్పుపట్టడం లేదు. కానీ 1832లో ఇదే వాన్ బ్యూరెన్ ఉపాధ్యక్ష అభ్యర్థిత్వానికి ఘనత చేకూరుస్తూ వచ్చిన నిబంధనే పన్నెండేళ్లకు ఆయన మెడకు చుట్టుకుంది. అనుకూలమైనప్పుడు ఒప్పుకున్న ఆనవాయితీని ప్రతికూలమైనప్పుడు ఎవరు ఆపగలరు? 1860లో చార్లెస్టన్‌లో జరిగిన డెమొక్రాట్ల మహాసభ నుంచి దక్షిణాది ప్రతినిధులు పలువురు లేచి వెళ్లిపోయినా, వారిని కలిపిన 303 ఓట్లలోనే మూడింట రెండు వంతులు, అంటే 202, రావాలని సభాధ్యక్షుడు కాలెబ్ కుషింగ్ తేల్చారు. సభలో లేనివారికీ అడ్డుపడే అధికారం దక్కింది. యాభై ఏడు బ్యాలెట్లలోనూ ముందున్న స్టీఫెన్ డగ్లస్ ఆ అంకెను అందుకోలేకపోయారు; చివరకు పార్టీ చీలి ఇద్దరు అభ్యర్థులను నిలబెట్టింది. ఇంత జరిగినా ఆ నిబంధనను డెమొక్రాట్లు 1936 దాకా వదల్లేదు.

ఓటర్ల ప్రమేయం లేకుండా పెద్దలే తేలుస్తారనేవారు ముందు ఆ 28 ఓట్లకు జవాబు చెప్పాలి. ఆ పెద్దలు ఎవరికి జవాబుదారీ, ఓటింగుకు గంట ముందు నిబంధన మార్చకుండా వారిని ఆపేదెవరు అన్నది చెప్పకుండా పాత మహాసభలను కీర్తించడం శుద్ధ బాధ్యతారాహిత్యం.