ఆంక్షలు రాకముందే తిన్నారు

జింబాబ్వే అధ్యక్షుడు ఎమర్సన్ మ్నంగాగ్వా పదవీకాలం 2028లో ముగియాలి. దాన్ని 2030 దాకా పొడిగించాలని పాలక పార్టీ జాను-పీఎఫ్ 2025 అక్టోబరులో ముతారే మహాసభలో తీర్మానించింది. ఎనభై దాటిన నాయకుడికి ఇంకో రెండేళ్లు ఎందుకని అడిగితే పాశ్చాత్యుల తొత్తులన్న ముద్ర వేస్తారు. దేశం ఇంతగా ఎందుకు దిగజారిందంటే ఒకటే జవాబు: పాశ్చాత్య దేశాల ఆంక్షలు. దానికోసం ఏటా అక్టోబరు 25న ప్రత్యేకంగా ఆంక్షల వ్యతిరేక దినమే జరుపుతున్నారు.

వలస పాలనలో మంచి భూములు తెల్లవాళ్ల గుప్పిట్లో ఉన్న మాట, ఆంక్షలతో వ్యాపారాలకు ఇబ్బంది కలిగిన మాట నిజమే. కానీ తేదీలు చూడండి. అమెరికా, ఐరోపా ఆంక్షలు మొదలైంది 2001-2003 మధ్య. విల్లోగేట్ కార్ల కుంభకోణం బయటపడింది 1988లో! మామూలు మనిషికి కొత్త కారు దొరకడమే గగనమైన ఆ రోజుల్లో మంత్రులు, పెద్ద అధికారులు విల్లోవేల్ ఫ్యాక్టరీ నుంచి ప్రభుత్వ ధరకు కార్లు తీసుకుని బయట రెట్టింపుకు పైగా అమ్ముకున్నారు. బులవాయోలోని క్రానికల్ పత్రిక ఆ గుట్టు విప్పింది. దాని ఎడిటర్ జెఫ్రీ న్యారోటాను ప్రమోషన్ పేరుతో కుర్చీలోంచి లేపేశారు. విచారణ సంఘం ముందు అబద్ధం చెప్పిన మంత్రి ఫ్రెడరిక్ షావాకు 9 నెలల జైలు పడితే అప్పటి అధ్యక్షుడు ముగాబే వెంటనే క్షమాభిక్ష పెట్టారు. అదే షావా 2021లో విదేశాంగ మంత్రి అయ్యారు.

అప్పుడు ఏ ఆంక్షలున్నాయి? ఏ సామ్రాజ్యవాది చేయిపట్టి ఆపాడు? తర్వాతి రోజుల్లో ముగాబే తిట్టిపోసిన బ్రిటనే 1994లో ఆయనకు గౌరవ నైట్‌హుడ్ ఇచ్చింది, ఆయన పుచ్చుకున్నారు.

ఆ క్షమాభిక్షతోనే రోగం ముదిరింది. మనవాడైతే శిక్ష ఉండదని అందరికీ అర్థమైంది. 2020లో కరోనా సామగ్రి కాంట్రాక్టు కుంభకోణంలో ఆరోగ్య మంత్రి పదవి పోయింది కానీ, కేసు కోర్టులో నిలవలేదు. దాన్ని వెలుగులోకి తెచ్చిన జర్నలిస్టు హోప్‌వెల్ చినోనో మాత్రం మరో ఆరోపణపై నెలకు పైగా జైల్లో ఉన్నారు. ఆ జూలైలోనే, నర్సులు సమ్మెలో ఉండగా, రాజధాని హరారే ప్రభుత్వాసుపత్రిలో ఒక్క రాత్రి ఏడుగురు బిడ్డలు చనిపోయి పుట్టారు. సిజేరియన్ అందాల్సిన తల్లులకు సకాలంలో అందలేదు. 37 ఏళ్లు ఏలిన ముగాబే కన్నుమూసింది సింగపూర్ ఆసుపత్రిలో. ఉపాధ్యక్షుడు చివెంగా నెలల తరబడి వైద్యం చేయించుకుంది చైనాలో.

మా బాధకు ఇంకో కారణం ఉంది. 1986లో అలీనోద్యమ సారథ్యాన్ని హరారేలో రాజీవ్ గాంధీ ముగాబేకు అప్పగించినప్పుడు మన భారతదేశం ఆయనను మన మనిషి అనుకుంది. వలస పాలన దెబ్బలు తిన్న ప్రజల కోపం న్యాయమైంది. ఆ కోపాన్ని తమ దొంగ లెక్కలకు అడ్డుపెట్టుకోవడం ఆ ప్రజలకే ద్రోహం. 2024 మార్చిలో అమెరికా జింబాబ్వేపై తన పాత ఆంక్షల కార్యక్రమాన్ని ఎత్తేసి, అవినీతి, హక్కుల ఉల్లంఘన ఆరోపణలపై అధ్యక్షుడు సహా 11 మందిని, కొన్ని సంస్థలను మాత్రమే జాబితాలో పెట్టింది. అయినా పాట మారలేదు.

మ్నంగాగ్వా 1980లోనే మంత్రి అయ్యారు. విల్లోగేట్ నాడూ కేబినెట్‌లోనే ఉన్నారు. ఆంక్షలు లేని ఆ ఇరవై ఏళ్లలో ఎవరు ఎంత తిన్నారో, ఎవరిని ఎందుకు వదిలేశారో ముందు చెప్పాలి. ముతారేలో 2030కి ఓటేసిన ప్రతినిధుల్లో ఒక్కరైనా లేచి ఆ లెక్క అడగాల్సింది.