పాలు చాలడం లేదని ఎవరు తేల్చాలి?

అమెరికాలోని మన ఇళ్ళలో బిడ్డ పుట్టి వారం తిరగకముందే ఎవరో ఒకరి నోట "పాలు చాలడం లేదేమో" అన్న మాట వస్తుంది. చాలాసార్లు ఆ మాట తల్లి నోట మొదలు కాదు. పురిటికి సాయంగా గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో విజిటర్ వీసా మీద వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో, వాట్సాప్ వీడియోలో బిడ్డను చూస్తున్న పెద్దమ్మో, రెండు రాత్రులుగా కంటిమీద కునుకు లేని భర్తో బిడ్డ ఏడుపు విని ఆదుర్దాతో ఆ మాట అంటారు. మర్నాటికి వంటింటి గట్టు మీద డబ్బా పాలు ప్రత్యక్షమవుతాయి. పిల్లల వైద్యురాలిగా నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పాలు చాలడం లేదనడం ఒక రోగనిర్ధారణ. మిగతా నిర్ధారణల లాగే దానికీ ఆధారం కావాలి, ఏడుపు ఒక్కటే ఆధారం కాదు.

మొదటి మూడు రోజుల సంగతి తెలియకపోవడం వల్లనే సగం ఇళ్ళలో ఈ కంగారు పుడుతుంది. పుట్టిన రోజున తల్లి దగ్గర ఉండేవి ముర్రుపాలు, అవి విడతకు ఒక చెంచాడు ఉంటే గొప్ప. ఆ రోజున బిడ్డ పొట్టకు పట్టేదీ దాదాపు అంతే. పాలు పడటానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజులు పడుతుంది, తొలికాన్పు వాళ్ళకు, సిజేరియన్ అయినవాళ్ళకు, మధుమేహం ఉన్నవాళ్ళకు మరికాస్త ఆలస్యం కావచ్చు. ఈలోగా బిడ్డ పుట్టిన బరువులో కొంత తగ్గడం సహజం. ఆ తగ్గుదల ఏడు శాతం దాటితే వైద్యులు దృష్టి పెడతారు, పది శాతానికి చేరితే తప్పకుండా పరీక్షిస్తారు. పది పద్నాలుగు రోజులకల్లా చాలామంది పిల్లలు పుట్టినప్పటి బరువుకు తిరిగి వస్తారు. మన అమ్మమ్మల కాలంలో ముర్రుపాలు పిండి పారబోసి తేనె నాకించిన ఇళ్ళు కూడా ఉండేవి కనుక, ఈ విషయంలో పాతకాలానికే అన్నీ తెలుసని నేను అనలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు 41.8 శాతం మాత్రమే. తెలంగాణలో ఆ సర్వే నాటికి ప్రసవాల్లో 60.7 శాతం సిజేరియన్లే. పాలు పడటం ఆలస్యమైన కాన్పులను వరుసగా చూసి వచ్చిన పెద్దావిడకు ఇక్కడ కూతురి విషయంలోనూ అదే భయం కలగడంలో వింత లేదు.

అసలు చిక్కు ఆ భయం చేయించే పని దగ్గర మొదలవుతుంది. బిడ్డ ఎంత తాగితే అన్ని పాలు తయారయ్యేలా తల్లి శరీరం నడుచుకుంటుంది. రొమ్ము ఖాళీ అయినకొద్దీ ఉత్పత్తి పెరుగుతుంది, నిండుగా ఉండిపోతే తగ్గుతుంది. "ఈ రాత్రికి పిల్లతల్లిని పడుకోనిద్దాం" అని ప్రేమకొద్దీ సీసా పట్టిన ప్రతిసారీ, తల్లి పాలు తీసే పంపు కూడా వాడకపోతే, పాలు కావాలన్న కబురు శరీరానికి ఒకటి తక్కువ అందినట్టే లెక్క. అలా నాలుగు రాత్రులు గడిస్తే లేని కొరత నిజంగానే వచ్చి కూర్చుంటుంది, "నేను ముందే చెప్పలేదూ" అనేవాళ్ళకు సాక్ష్యం దొరుకుతుంది. పాలు తయారుకావడం ఒక ఎత్తు, చేపడం, అంటే తయారైన పాలు కిందికి దిగడం, మరొక ఎత్తు. చేపుకు కారణమైన ఆక్సిటోసిన్ అనే హార్మోను నొప్పికి, భయానికి, సిగ్గుకు వెనక్కి తగ్గుతుంది. పాడి ఉన్న ఇళ్ళలో పెరిగిన మన పెద్దలకు ఇది కొత్త సంగతి కాదు. కొత్త మనిషి వచ్చి పక్కన నిలబడితే గేదె చేపదని వాళ్ళకు బాగా తెలుసు. పోలికకు తల్లులు నన్ను మన్నించాలి కాని, నలుగురు చుట్టూ చేరి "వస్తున్నాయా, వస్తున్నాయా" అని అడుగుతుంటే బాలింత పరిస్థితి అంతకన్నా మెరుగ్గా ఏమీ ఉండదు.

మరి ఎలా తెలుసుకోవాలి? డైపరు, తూనిక చెప్పినంత నిజం మరేదీ చెప్పదు. అయిదో రోజు దాటాక ఇరవైనాలుగు గంటల్లో ఆరు, అంతకు మించి తడి డైపర్లు, మూడు నాలుగు పసుపుపచ్చటి విరేచనాలు, పాలు పడ్డాక రోజుకు సుమారు ఇరవై నుంచి ముప్పై గ్రాముల పెరుగుదల ఉంటే, బిడ్డ సాయంత్రమంతా ఏడ్చినా పాలు చాలుతున్నట్టే. రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగడం నవజాత శిశువుకు మామూలు. చీకటి పడే వేళ గంటకోసారి అడగడమూ మామూలే. మూడో వారంలోనూ ఆరో వారంలోనూ ఉన్నట్టుండి ఆకలి పెరిగినట్టు కనిపించే రోజులుంటాయి, ఆ రోజుల్లోనే చాలా ఇళ్ళు సీసాకు మళ్ళుతాయి. కొన్ని వారాలు గడిచాక రొమ్ములు మునుపటిలా బరువెక్కకపోవడం పాలు తగ్గిపోయాయనడానికి గుర్తు కాదు, ఉత్పత్తి బిడ్డ అవసరానికి సర్దుకుందన్నమాట. పంపులోకి దిగిన పాలు కూడా కొలబద్ద కాదు, ఎందుకంటే చక్కగా తాగగలిగిన బిడ్డ యంత్రం కన్నా బాగా లాగుతుంది. ఇక "డబ్బా పాలు పట్టగానే హాయిగా నిద్రపోయాడు చూడు" అనే వాదన ప్రతి ఇంట్లోనూ వింటాను. చప్పరించాలన్న కోరికతోనే చిన్న బిడ్డ అక్కర ఉన్నా లేకున్నా సీసాలోది తాగేస్తాడు, నిండిన పొట్టతో నిద్రపోతాడు. అంతకుముందు ఆకలితో ఉన్నాడని దానివల్ల రుజువు కాదు.

ఇంత చెప్పాక రెండో వైపు కూడా అంతే గట్టిగా చెప్పాలి. నిజంగానే పాలు చాలని తల్లులు ఉన్నారు. థైరాయిడ్ లోపం, పీసీఓఎస్ అనే అండాశయాల సమస్య, మధుమేహం, కాన్పులో అధిక రక్తస్రావం, గర్భాశయంలో మిగిలిపోయిన మాయ ముక్క, పూర్వం జరిగిన రొమ్ము శస్త్రచికిత్స, పుట్టుకతోనే పాలగ్రంథులు సరిగా ఎదగకపోవడం వంటివి అందుకు కారణాలు. గర్భిణీ మధుమేహం మన దక్షిణాసియా స్త్రీలలో ఎక్కువ కనుక ఇలాంటి కారణాలు ఉన్నాయేమోనన్న పరీక్షలు మనకు మరింత అవసరం. అలాంటి తల్లిని పట్టుకుని "మనసు పెట్టి ప్రయత్నిస్తే ఎందుకు రావు" అనడం, తల్లిపాల మీద భక్తితో అన్నా సరే, క్రూరత్వమే. అయిదో రోజు తర్వాత డైపరు పొడిగా ఉన్నా, అందులో ఇటుకపొడి రంగు మరకలు కనిపిస్తూనే ఉన్నా, కామెర్లు ముదురుతున్నా, బిడ్డ పాలకు లేవకుండా మత్తుగా పడుకుంటున్నా ఆ రోజే వైద్యులకు ఫోన్ చేయాలి. వాళ్ళు చెప్పిన మేరకు డబ్బా పాలో, ఇతర తల్లులు దానమిచ్చిన మిల్క్ బ్యాంకు పాలో వెంటనే పట్టాలి. పోతపాలు అవసరమైన చోట మందులాంటివే. అవి పట్టినందుకు తల్లి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. కొంత తల్లిపాలు, కొంత పోతపాలతో నెలల తరబడి చక్కగా పెరిగిన పిల్లలను నేను ఎందరినో చూశాను.

పథ్యం సంగతికి వస్తే, వెల్లుల్లి కారం, మునగాకు రుచిగా ఉన్నంత వరకు వాటితో నాకు పేచీ లేదు. అవి పాలు పెంచుతాయన్న నిరూపణ బలంగా లేకపోయినా, బాలింత కడుపునిండా తినడమే ఒక మేలు. మెంతుల మాత్రలు డబ్బాలకొద్దీ మింగేవాళ్ళు మాత్రం జాగ్రత్తపడాలి. మధుమేహానికి మందులు వాడుతుంటే చక్కెర మరీ పడిపోవచ్చు, వేరుశనగ పడనివాళ్ళకు అవీ పడకపోవచ్చు. నీళ్ళు తాగనివ్వని పథ్యం ఏ రూపంలోనూ మంచిది కాదు, దాహమైనప్పుడల్లా తాగాలి. నన్ను ఎక్కువ భయపెట్టేది సూట్‌కేసుల్లో వచ్చే డోంపెరిడోన్. భారతదేశంలో వాంతులకు వాడే ఈ మాత్రను ఎవరో పాలకు మంచిదన్నారని ఇక్కడికి పంపించుకుంటారు. గుండె లయ దెబ్బతినే ప్రమాదం ఉందని, పాల కోసం దీన్ని వాడవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లోనే హెచ్చరించింది. తల్లి వాడే ఇతర మందులేమిటో, ఆమె గుండె తీరు ఏమిటో తెలియకుండా ఊరి నుంచి తెప్పించిన మాత్ర వేయడం ఏ మాత్రం తగదు.

ఇదంతా తల్లి శరీరం గురించే మాట్లాడితే అసంపూర్ణం. అమెరికాలో 2019లో పుట్టిన పిల్లల్లో 83.2 శాతం మంది తల్లిపాలతో మొదలుపెట్టారు, ఆరు నెలల వరకు కేవలం తల్లిపాలతో ఉన్నవాళ్ళు 24.9 శాతమే. మధ్యలో ఉన్నట్టుండి అంతమంది తల్లులకు పాలు ఎండిపోయాయంటే నేను నమ్మను. ఇక్కడి 1993 నాటి చట్టం కాన్పుకు ఇచ్చేది పన్నెండు వారాల జీతం లేని సెలవు, అదీ కనీసం యాభైమంది ఉన్న సంస్థలో ఏడాది పనిచేసినవాళ్ళకు. భారతదేశంలో 2017 నుంచి చట్టం వర్తించే సంస్థల్లో మొదటి రెండు కాన్పులకు ఇరవైయారు వారాలు జీతంతో ఇస్తున్నారు. ఇక్కడ 2022 డిసెంబరులో వచ్చిన పంప్ చట్టం వల్ల బిడ్డకు ఏడాది వచ్చేవరకు ఆఫీసులో పాలు తీసుకోవడానికి సమయం, స్నానాల గది కాని ఒక చాటైన చోటు ఇవ్వాలి. అయినా వీసా మీద ఉన్న మన అమ్మాయిలు చాలామంది ఆ మాట మేనేజరును అడగడానికే జంకుతారు. మీటింగుల మధ్య పంపు తీసే వేళలు తప్పిపోయి పాలు తగ్గితే, తప్పు తమ ఒంటిదే అనుకుంటారు. చాలా బీమా పథకాలు పంపునూ, పాలివ్వడంలో సాయపడే నిపుణుల (లాక్టేషన్ కన్సల్టెంట్ల) సలహానూ అదనపు ఖర్చు లేకుండా ఇవ్వాలన్న సంగతి కూడా ఆరో వారం దాటాక గాని తెలియనివాళ్ళే ఎక్కువ.

అమ్మమ్మలను నేను తప్పు పట్టడం లేదు. ఆరు నెలలకని వచ్చి, భాష తెలియని ఊళ్ళో, మంచులో గడప దాటలేక, రోజంతా వంటింట్లోనే గడిపే ఆ మనిషి లేకపోతే ఈ దేశంలో మన పిల్లల పురుళ్ళు గడవవు. బిడ్డకు నీళ్ళు పోయడం, త్రేన్పు తెప్పించడం, తాగిన తరువాత బిడ్డను తీసుకుని తల్లిని రెండు గంటలు పడుకోనివ్వడం పాలు పెరగడానికి ఏ లేహ్యం కన్నా ఎక్కువ పనికొస్తాయి. బారసాలను కూడా ఇరవైయొకటో రోజునే యాభైమందితో చేయాలని పట్టుబట్టనక్కర్లేదు. ఇంటినిండా అతిథులుంటే తల్లి పై గదిలోకి వెళ్ళలేక ఆ పూటకు సీసా పట్టడం, రొమ్ములు గట్టిపడి ఆ రాత్రికి జ్వరం తెచ్చుకోవడం నేను చూస్తూనే ఉన్నాను.

మన తెలుగు సంఘం ఏటా సామూహిక సీమంతాలు ముచ్చటగా జరుపుతోంది. వచ్చే ఏడాది ఆ కార్యక్రమంలో ఒక గంట పాలివ్వడం గురించి తెలుగులో మాట్లాడించాలని, కాబోయే తల్లులతో పాటు విమానం దిగిన అమ్మమ్మలను, నాయనమ్మలను, ముఖ్యంగా భర్తలను ముందు వరుసలో కూర్చోబెట్టాలని నా ప్రతిపాదన. తెలుగు మాట్లాడే లాక్టేషన్ కన్సల్టెంట్లు ఎక్కడెక్కడ ఉన్నారో ఒక జాబితా తయారుచేయడానికి, శిశువును తూచే తూనిక ఒకటి కొని అవసరమైన ఇంటికి వారం పాటు అరువిచ్చే ఏర్పాటు చేయడానికి మహిళా విభాగానికి పెద్ద ఖర్చేమీ కాదు. ఆ తూనిక మీద వచ్చిన అంకెను ఎలా చదవాలో చెప్పడానికి శనివారాలు నేను అందుబాటులో ఉంటాను.